ఎదురు షెడ్డు ముందు ఆగిన బండి

చెవి మేస్త్రీ పొద్దున్నే షట్టరు ఎత్తగానే చేసే మొదటి పని, ఎదురు షెడ్డు ముందు ఎన్ని బండ్లు ఆగి ఉన్నాయో లెక్కపెట్టడం. రెండు ఉంటే సరే, మనిషి మామూలుగానే ఉంటాడు. మూడైతే టీలో చక్కెర తక్కువైందంటాడు. నాలుగు దాటితే ఆ రోజు అతని దగ్గరికి స్పానరు అరువు అడగడానికి కూడా ఎవరూ వెళ్లరు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. తెలియదనుకునేది ఒక్క మేస్త్రీయే.

ఆ షెడ్డు ఎవరో పరాయివాడిదైతే ఇంత బాధ ఉండేది కాదు. అది సొంత బావమరిదిది, అంటే భార్యకు స్వయానా తమ్ముడిది. ఇరవై ఏళ్ల వయసులో పనీపాటా లేక అక్క ఇంటికి వచ్చి చేరితే, ఏ స్పానరు ఏ బోల్టుకు పడుతుందో అన్న దగ్గర్నుంచీ నేర్పింది మేస్త్రీ. పదకొండేళ్లు పక్కన పెట్టుకుని నేర్పాడు. ఆ తర్వాత వాడు పెళ్లి చేసుకుని, మామగారి అండ చూసుకుని, రోడ్డుకు అవతల ఖాళీగా ఉన్న షెడ్డు తీసుకున్నాడు. అది జరిగి ఆరేళ్లు. "ఇంత పెద్ద ఊళ్లో నా ముక్కు ఎదురుగానే దొరికిందా వీడికి చోటు?" అని ఆ రోజు అన్న మాట మేస్త్రీ ఇప్పటికీ వారానికోసారైనా అంటాడు. ఆ షెడ్డు ఖాళీ అయిందని తమ్ముడి చెవిన వేసింది తన భార్యేనని అతనికి తెలియదు. తెలిస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

కళ్లు కుట్టడానికి అక్కడ ఏముందని అడిగితే మేస్త్రీ దగ్గర పెద్ద జాబితాయే ఉంది. వాడి షెడ్డుకు సిమెంటు గచ్చు. ఇతనిది ముప్పై ఏళ్లుగా ఆయిలు తాగి నల్లబడిన మట్టినేల. వచ్చినవాళ్లు కూర్చోవడానికి వాడు నాలుగు కుర్చీలు వేశాడు, ఇక్కడ ఉన్నది ఒక లారీ టైరు. చేతులు తుడుచుకోవడానికి వాడికి తెల్లగుడ్డలు! "మెకానిక్కుకు తెల్లగుడ్డ ఏమిటి, వాడేమైనా కొత్త పెళ్లికొడుకా?" అని భార్య దగ్గర విసుక్కున్నాడు. అయితే గచ్చూ కుర్చీలూ పైపై మంటలే. అసలు కడుపుమంట ఆ మిషను. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాని తీగ స్టీరింగు కింద తగిలిస్తే చాలు, ఇంజనులో జబ్బు ఏమిటో తెర మీద అక్షరాల్లో పడిపోతుంది. ఎవడు పడితే వాడు చదువుకోవచ్చు.

మేస్త్రీకి ఆ పేరు ఊరికే రాలేదు మరి. బారెడు స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది అతనికి. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి కుడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేసేవారు. "మూడో నాజిలు డీజిలు సరిగ్గా కొట్టడం లేదు" అనేవాడు కళ్లు తెరవకుండానే. విప్పి చూస్తే మూడోదే. వీధి చివర మలుపు తిరిగే బండిని చూడకుండానే, ఇది ఫలానావాడిది, వీడు క్లచ్చు మీంచి కాలు తీయడు అని చెప్పేవాడు. పక్క ఊళ్ల మెకానిక్కులు తేల్చుకోలేని బండ్లను లాక్కొచ్చి అతని ముందు నిలబెట్టేవారు. చెవిలో పడేదాన్ని ఎలా విడదీయాలో, ఏ చప్పుడు పక్కన పెట్టి ఏది పట్టుకోవాలో అతను నేర్పిన మనిషి లోకంలో ఒక్కడే, బావమరిది.

ఆ చెవి రెండేళ్లుగా మొరాయిస్తోంది. ముప్పై ఏళ్ల సుత్తి దెబ్బలూ, గ్రైండరు మోతా, సైలెన్సరు తీసేసిన ఇంజన్ల అరుపులూ కలిసి వచ్చి ఇప్పుడు బాకీ వసూలు చేసుకుంటున్నాయి. పెద్ద మోతలన్నీ వినబడతాయి. సన్నటివే ఎక్కడికో పోయాయి. ఇంట్లో కుళాయి కారుతోందని భార్య అంటే, వెళ్లి నీళ్ల చుక్క చూస్తాడు గానీ దాని చప్పుడు వినబడదు. ఫోను మోగుతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటాడు. "నువ్వు ఈ మధ్య మరీ గొణుగుతున్నావు" అని ఆవిడ మీదే ఎగురుతాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవి మేస్త్రీకి చెవి పోయిందంటే, మిగిలేది మట్టినేలా, లారీ టైరూ. అప్పుడు ఎదురు షెడ్డువాడే వీధికంతా మేస్త్రీ అవుతాడు. ఆ ఊహకే అతనికి ఒళ్లు మండేది.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున షట్టరు ఎత్తి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, తెల్ల కారు. రెండు, పాల వ్యాను. మూడోదాన్ని చూసి కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పాత నీలం పికప్పు. ఎడమ తలుపు మాత్రం ఆకుపచ్చ. ఇటుకలాయన బండి!

ఇటుకలాయన బట్టీ నుంచి ఇళ్లు కట్టేచోట్లకు ఇటుకలు తోలతాడు. మేస్త్రీ ఈడువాడే. ఆ బండి ఇంజను రెండుసార్లు దింపి కట్టింది మేస్త్రీ. తలుపు నుజ్జయితే ఊళ్లన్నీ తిరిగి ఆ ఆకుపచ్చ తలుపు వెతికి తెచ్చింది మేస్త్రీ. పంతొమ్మిదేళ్లలో దాని బానెట్టు మరొకరు ఎత్తలేదు. అలాంటిది ఎదురు షెడ్డు ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉంటే, కట్టుకున్న భార్య పక్కింట్లో వడ్డన చేస్తుండగా చూసినట్టయింది అతనికి.

ఆ పూట చేతిలో ఉన్న గేరుబాక్సు పని ఒక్క అంగుళం కదలలేదు. సుత్తి ఒకసారి వేలి మీద పడింది. పదింటికి భార్య ఫ్లాస్కుతో వచ్చింది. ఆవిడ రోజూ రెండు షెడ్లకూ టీ తెస్తుంది.

"ముందు అక్కడికెందుకు పోయావ్?" అన్నాడు మేస్త్రీ.

"ఆ వైపు నీడ ఉందని అటునుంచి వచ్చానండీ. ఏం, టీ చల్లారిపోయిందా?"

"టీ సంగతి కాదు."

"ఇటుకల బండి సంగతి అయితే నేనూ చూశాను. దానికి ముఖం అంత మాడ్చుకోవాలా? మీ శిష్యుడి దగ్గరికేగా పోయింది."

"వాడు నా శిష్యుడు కాదు, మిషను శిష్యుడు" అని గ్లాసు అటు పెట్టేశాడు. ఆవిడ అలవాటైన మనిషిలా గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం రోడ్డు దాటి ఇద్దరు మనుషులు వచ్చారు, ముందు బావమరిది, వెనక ఇటుకలాయన. మేస్త్రీ చూడనట్టు గేరుబాక్సులోకి తలదూర్చాడు.

"బావా, మీరు ఒకసారి చూడాలి. దీనికి మిషను తగిలించడానికి చోటే లేదు. అంత పాతది" అన్నాడు బావమరిది.

మేస్త్రీ తల పైకెత్తలేదు గానీ లోపల పాలు పొంగాయి. "అయితే నీ మిషను ఏమంది?"

"అనడానికి దానికి నోరేదీ బావా ఇక్కడ!"

"బరువేస్తే లాగడం లేదు మేస్త్రీ" అన్నాడు ఇటుకలాయన, ఎవరి ముఖం చూడాలో తెలియక లారీ టైరు వంక చూస్తూ. "ఖాళీ బండి బాగానే పోతుంది. ఇటుకలు వేసి వంతెన ఎక్కిస్తే సగంలో ప్రాణం పోయినట్టు అయిపోతోంది. నల్లటి పొగ. నిన్న వెనకాల బస్సువాడు నన్ను తిట్టని తిట్టు లేదు."

"మరి ముందు అక్కడికెందుకు పోయావ్?"

బావమరిది మధ్యలో కల్పించుకుని బండి ఇటు తెస్తానని వెళ్లాడు. ఆ ఆకుపచ్చ తలుపు రోడ్డు దాటి తన షెడ్డులోకి వస్తుంటే, వీధిలో ఎందరు చూస్తున్నారో మేస్త్రీ ఓరకంట లెక్కపెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గర నలుగురు, పంచరు షాపులో ఇద్దరు. సంతోషం ఆపుకోలేక అవసరం లేకపోయినా గట్టిగా దగ్గాడు.

పని మాత్రం పద్ధతిగా మొదలుపెట్టాడు, అందులో వంక పెట్టడానికి లేదు. జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పాడు. బ్రేకులు పట్టేయడం లేదు. హ్యాండు బ్రేకు లాగి, మూడో గేరులో క్లచ్చు వదిలితే ఇంజను టక్కున ఆగిపోయింది. అంటే క్లచ్చు జారడం లేదు. డీజిలు ఫిల్టరు మార్చాడు. గాలి ఫిల్టరు తీసి దులిపాడు, అది శుభ్రంగానే ఉంది. ఇక మిగిలింది వినడమే. సగం బండికి ఇటుకలు వేయించి ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని వంతెన మీదికి వెళ్లారు. సగం ఎత్తులో బండి మూలిగింది, అద్దంలో వెనక రోడ్డంతా నల్లబడింది. మేస్త్రీ కళ్లు మూసుకుని చెవి ఒగ్గాడు. ఇంజను బరువైన గొంతు వినబడింది, టాపెట్ల టకటక వినబడింది, పంపు కొట్టుకోవడం వినబడింది. వాటి పైన సన్నటి చప్పుళ్లు ఉండాల్సిన చోటంతా ఖాళీగా ఉంది.

"పంపు" అన్నాడు కళ్లు తెరిచి. "డీజిలు ఎక్కువ పోస్తోంది. అందుకే నల్లపొగ. దింపాల్సిందే."

మధ్యలో కూర్చున్న బావమరిది అతని వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు. "ఇంకేమీ వినబడలేదా బావా?"

మేస్త్రీకి తోక తొక్కినట్టయింది. "ఏరా, నాకే పరీక్ష పెడుతున్నావా? నేను పంపులు దింపేటప్పుడు నీకు స్పానరు ఎటు తిప్పాలో తెలియదు!"

"అది కాదు బావా..."

"ఏది కాదు? మిషను లేకపోయేసరికి వచ్చావు. వచ్చినవాడివి చూస్తూ కూర్చో."

వాడు చూస్తూ కూర్చున్నాడు. మేస్త్రీ రెండు రోజులు పంపు మీదే ఉన్నాడు. దింపి, విప్పి, కడిగి, అరిగిన వాషర్లు మార్చి మళ్లీ ఎక్కించాడు. ఆ రెండు రోజులూ ఎదురు షెడ్డు ముందు ఎన్ని బండ్లు ఆగాయో లెక్కపెట్టడమే మరిచిపోయాడు. భార్య తెచ్చిన టీ చక్కెర సరిపోయిందన్నాడు. "ఏమిటండీ, ఒంట్లో బాగానే ఉందా?" అని ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. బావమరిది రోజుకు రెండుసార్లు వచ్చి పక్కన నిలబడేవాడు. ఏదో అడగబోయేవాడు, అడగకుండానే వెళ్లేవాడు. వాడికి కుళ్లు పుట్టిందని మేస్త్రీ మురిసిపోయాడు.

బుధవారం సాయంత్రం మళ్లీ ముగ్గురూ, మళ్లీ సగం బండి ఇటుకలు, మళ్లీ అదే వంతెన. బండి సగం ఎత్తుకు వచ్చి, సోమవారం ఎక్కడ మూలిగిందో సరిగ్గా అక్కడే మూలిగింది. అద్దంలో అదే పొగ. ఇటుకలాయన పక్కకు తీసి ఆపి, దిగి చక్రాల కింద రెండు ఇటుకలు పెట్టి వచ్చాడు.

"మేస్త్రీ, నువ్వు ఏమీ అనుకోనంటే ఒక మాట" అన్నాడు ఇటుకలాయన. "పోయిన నెల నీకు చెప్పాను కదా, ఎత్తు ఎక్కేటప్పుడు ఏదో బుస కొడుతోందని. నువ్వు బండి పక్కనే నిలబడి, ఏమీ లేదు పొమ్మన్నావు. అందుకే అటు పోయాను. నిన్ను కాదని కాదు."

మేస్త్రీకి ఆ రోజు గుర్తుంది. నిజంగానే ఏమీ వినబడలేదు ఆ రోజు. అతను గిరుక్కున బావమరిది వైపు తిరిగాడు. "నీకు వినబడిందా ఆ బుస?"

వాడు తల దించుకున్నాడు.

"నిన్నే!"

"సోమవారం పొద్దున్నే వినబడింది బావా. నేను ట్రయలుకు తెచ్చినప్పుడే. గాలి నెట్టే టర్బో నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చీలిందేమో అనుకున్నా. గాలి పోతే నల్లపొగ వస్తుంది కదా, మీరే చెప్పారు, ముందు గాలి చూడు, తర్వాతే డీజిలు అని."

"మరి చెప్పి చావలేదేం, రెండు రోజులు నేను పంపు కడుగుతుంటే?"

"మీరు విని పంపు అన్నారుగా" అన్నాడు వాడు. "నాకు వినబడింది మీకు వినబడకపోవడం అంటూ ఉండదు కదా బావా. విని కూడా పక్కన పెట్టారంటే, నాకు అందనిది ఇంకేదో విన్నారనుకున్నా. నా చెవే తప్పు అనుకున్నా. అదేమిటో మీరు పంపు విప్పితే తెలుస్తుందని రోజూ వచ్చి చూశా."

ఆరేళ్లుగా మేస్త్రీ వీడి గచ్చు చూసి ఏడ్చాడు, కుర్చీలు చూసి ఏడ్చాడు, మిషను చూసి ఏడ్చాడు. వీడేమో బావ చెవిని నమ్మి సొంత చెవిని కాదనుకున్నాడు. సిగ్గు వేసింది. అయినా సిగ్గు కింద ఆ పాత మంట ఆరలేదు, ఇంకా ఎక్కువైంది. గచ్చు తనూ వేయించుకోగలడు. కుర్చీలు తెచ్చుకోగలడు. ఆ బుస వినగలిగే చెవిని మాత్రం ఏం చేసీ తెచ్చుకోలేడు. దాన్ని తనే తయారుచేసి వీడి చేతికి ఇచ్చాడు.

ఇద్దరూ దిగి బానెట్టు ఎత్తారు. ఇటుకలాయన లోపల కూర్చుని ఇంజను మోత పెంచాడు. మేస్త్రీ గొట్టం అడుగున చెయ్యి పోనిచ్చాడు. అరచేతికి సన్నగా, వేడిగా గాలి కొట్టింది. వేలితో తడిమితే చీలిక దొరికింది, రెండు అంగుళాలు ఉంటుంది. దాని చుట్టూ జిడ్డు, జిడ్డు మీద దుమ్ము. అతను చెవి దానికి జానెడు దూరంలోకి వంచాడు.

"ఇప్పుడు వినబడుతోందా నీకు?"

"చాలా గట్టిగా వినబడుతోంది బావా" అన్నాడు బావమరిది.

"ఎలా ఉంది?"

వాడు తమాషా అనుకుని నవ్వాడు. మేస్త్రీ నవ్వకపోయేసరికి నవ్వు ఆపాడు. లోపలికి సైగ చేసి ఇంజను ఆపించాడు. ఆ నిశ్శబ్దంలో ముందుకు వంగి, పళ్లు బిగించి, పెదవులు కొంచెం విప్పి, పళ్ల సందుల్లోంచి గాలి వదిలాడు. మేస్త్రీ ఆ నోటి వంకే చూశాడు. మెడ నరాలు ఉబ్బడం కనిపించింది. గాలి వచ్చి తన చెంపకు తగలడం తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు.

"రావడం లేదురా" అన్నాడు.

"ఊరుకోండి బావా, మళ్లీ నన్ను పరీక్షిస్తున్నారు."

"పరీక్ష కాదు. రెండేళ్లయింది."

బావమరిది ముఖంలో రంగు మారిపోయింది. బానెట్టు అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అంతలో ఇటుకలాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమయింది? దొరికిందా?" అని కేకేశాడు.

వాడు చటుక్కున తేరుకున్నాడు. "బావ పట్టేశారు! గొట్టం చీలింది. గంట పని" అని అరిచాడు.

మేస్త్రీ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాడు కూడా. ఊరుకుంటే రేపు టీ కొట్టు దగ్గర, చెవి మేస్త్రీ మళ్లీ పట్టాడనుకుంటారు, మిషను వల్ల కానిది అతనివల్లే అయిందనుకుంటారు. కానీ ఇంకొకడు జాలిపడి పెట్టిన పేరుతో రేపు షట్టరు ఎత్తాలి. వాడి బండ్లన్నీ చూసి ఓర్చుకోగలడేమో గానీ, వాడి జాలిని ఓర్చుకోవడం అతనివల్ల కాలేదు.

కిటికీ దగ్గరికి నడిచాడు. "నేను పట్టలేదు. సోమవారమే వాడు పట్టాడు. నువ్వు పోయిన నెల చెప్పినప్పుడు కూడా నాకు వినబడలేదు. నా చెవులు పోయాయి."

ఇటుకలాయన నోరు తెరిచి, బావమరిది వంక చూసి, మళ్లీ మేస్త్రీ వంక చూశాడు. మంచివాడే గానీ, ఇటుకల్లా మాటలు కూడా సూటిగా దించేస్తాడు.

"అయితే ఇకమీద బండి ఎక్కడికి తేవాలి మేస్త్రీ?"

వంతెన మీద బండ్లు పక్కనుంచి పోతూనే ఉన్నాయి. మేస్త్రీ చేతికి అంటిన జిడ్డు చొక్కాకే తుడుచుకున్నాడు.

"వాడి దగ్గరికే తీసుకుపో" అన్నాడు. అదే మాట రెండోసారి గట్టిగా చెప్పాడు. "వాడు వింటాడు. విప్పడానికి నన్ను పిలుస్తాడు."

తర్వాత బావమరిది వైపు తిరిగి, "పిలుస్తావు కదరా?" అని అడిగాడు. అడిగి, వాడు మెల్లగా అంటే వినబడదేమోనని, ఆ పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాడు.